ఊనా ఇంటి నిప్పు

నేను ఒక పటకారును. రెండు పొడవాటి ఇనుప కాళ్ళు, వాటిని కలిపే ఒక మేకు, చివర నిప్పుకణికను పట్టుకోవడానికి చదును చేసిన రెండు పాదాలు. నా ఒళ్ళంతా ఇంతే. బతుకంతా నిప్పు పక్కనే గడిచింది కాబట్టి నా మాటల్లో కాస్త మగత ఉంటుంది, ఏమీ అనుకోకండి. నిప్పు ముందు చాలాసేపు కూర్చుంటే నిజంగా జరిగిందేదో, రెప్ప వాలినప్పుడు కనిపించిందేదో విడదీయడం కష్టం. ఇప్పుడు నన్ను అమెరికాలో, డకోటా గడ్డిమైదానాల నడుమ ఒక చిన్న ఊరి మ్యూజియంలో, అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. ఇక్కడ శుభ్రంగానే ఉంటుంది గానీ వెచ్చదనం లేదు.

నేను పుట్టింది ఐర్లండులో, పడమటి సముద్రం ఒడ్డున. విరిగిపోయిన బండి చక్రపు కమ్మీని కొలిమిలో పెట్టి కమ్మరి నన్ను సాగదీశాడు. సుత్తి దెబ్బ ముందు విన్నానో, అలల హోరు ముందు విన్నానో ఇప్పటికీ గుర్తు రాదు. డెవానీ వాళ్ళ ఇంటికి కొత్త కోడలు వస్తుంటే, ఆమె కోసం చేయించారు నన్ను. ఆ కోడలే తర్వాత కోర్మాక్ డెవానీకి తల్లి అయింది.

ఆ ఇళ్ళలో నిప్పు ఆరదు. బురదనేలల నుంచి ఇటుకల్లా కోసి ఎండబెట్టిన మట్టిని వాళ్ళు కాలుస్తారు. రోజూ పడుకునే ముందు కణికల మీద నివురు కప్పి, చిన్న ప్రార్థన చెప్పి, తెల్లవారగానే నాతో నివురు తీసి మళ్ళీ రాజేస్తారు. తమ పొయ్యిలో నిప్పు తాత ముత్తాతల నాటిదని ముసలివాళ్ళు మహా గొప్పగా చెప్పుకునేవారు. నిప్పుకి వయసేమిటని మీరు నవ్వవచ్చు. మనుషులు తమ పేర్ల వెనకాల వంశాలు తగిలించుకుంటే ఎవరూ నవ్వరు కదా, అలాంటిదే ఇదీ. ఉయ్యాలలో పసిబిడ్డ ఉంటే దాని మీద అడ్డంగా నన్ను పెట్టేవారు. ఇనుముంటే గుట్టల కింద ఉండే మాయాజనం బిడ్డను ఎత్తుకుపోయి వేరే బిడ్డను పెట్టలేరని వాళ్ళ నమ్మకం. ఎన్నో మధ్యాహ్నాలు అలా ఉయ్యాలతో పాటు ఊగుతూ కునుకు తీశాను. ఇంకొక ఆచారం ఉంది, దాని వల్లే ఈ కథంతా. మే నెల మొదటి రోజున ఇంట్లోంచి నిప్పు ఎవరికీ ఇవ్వకూడదు. ఆ రోజు నిప్పు గడప దాటితే, ఆ ఏటి అదృష్టం కూడా దానితో పాటే వెళ్ళిపోతుంది.

ఆలుగడ్డలు కుళ్ళిపోయి ఊళ్ళకి ఊళ్ళు ఆకలితో పడిపోయిన ఏళ్ళు వచ్చాయి. అవి గడిచాక, బతికినవాళ్ళను ఖాళీ చేయించడానికి భూస్వామి మనుషులు వచ్చారు. అప్పటికి కోర్మాక్‌కు ఊనాతో పెళ్ళయి ఆరు నెలలు. గుమ్మంలో నిలబడి ఒకడు కాగితం చదివాడు. ఇంకొకడు బకెట్టెడు నీళ్ళు తెచ్చి పొయ్యిలో కుమ్మరించాడు. ఇల్లు ఇక మీది కాదని చెప్పడానికి వాళ్ళ పద్ధతి అదే. ఆ చప్పుడు నేను ఎన్నడూ మరవలేదు. ఆవిరి చూరు దాకా లేచింది. కోర్మాక్ తల్లి ఆ బూడిదలోంచి నన్ను తీసి శాలువా అంచుతో తుడిచి కోడలి చేతిలో పెట్టింది.

"ఎక్కడికి పోతారో పొండి," అంది. "నీ పొయ్యిలో ఇంకెవడూ నీళ్ళు పొయ్యలేని చోటు చూసుకో, తల్లీ."

ఊనాకి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆ రోజు నుంచి ఆమె జీవితంలో కోరుకున్నది ఇదొక్కటే. మరేదీ పెద్దగా అడగలేదు. ఆమె చేతిలోనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు.

అమెరికా వెళ్ళే ఓడలో పెట్టె అడుగున, దుప్పట్ల మధ్య ఏడు వారాలు. పైన జనం ఏడుస్తున్నారో పాడుతున్నారో తెలిసేది కాదు, రెండూ ఒకేలా వినిపించేవి. ఆ తర్వాత కొన్నేళ్ళు కోర్మాక్ రైలు పట్టాలు వేసే పనిలో ఊరూరా తిరిగాడు. ఇద్దరు పిల్లలు పుట్టారు. అప్పుడే సర్కారు కొత్త చట్టం తెచ్చిందని తెలిసింది. నూట అరవై ఎకరాలు ఇస్తారు. ఇల్లు కట్టుకుని, దున్నుకుని, అయిదేళ్ళు ఆ నేల వదలకుండా ఉండాలి. చివర ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు భూముల కచేరీకి వచ్చి, అవును, వీళ్ళు ఇక్కడే ఉన్నారని ప్రమాణం చేసి చెప్పాలి. కనుచూపు మేర మనిషి జాడ లేని చోట భూమి ఇచ్చి, సాక్ష్యానికి ఇరుగుపొరుగును పట్టుకురమ్మనే తెలివితేటలు సర్కార్లకే ఉంటాయి.

డకోటాలో అడుగుపెట్టిన రోజు ఊనా బండి దిగి చుట్టూ చూసింది. ఎటు చూసినా గడ్డే. గాలి వీస్తే ఆ గడ్డి మడతలు మడతలుగా కదిలి ఆకాశంలో కలిసిపోయేది. తన ఊరి సముద్రమే రంగు మార్చుకుని వెంట వచ్చిందేమోనని ఆమెకు అనిపించిందట. చెట్టు లేదు కాబట్టి కలప లేదు. గడ్డి వేళ్ళతో సహా మట్టిని పెద్ద పెళ్ళలుగా కోసి, వాటినే గోడలుగా పేర్చాడు కోర్మాక్. అందరూ ఇనుప స్టవ్వు పెట్టుకుంటుంటే, ఊనా పట్టుబట్టి వాగులోని రాళ్ళతో పొయ్యి కట్టించుకుంది. అందులో మెలిపెట్టిన గడ్డి కాల్చేది, పశువుల పేడతో చేసిన పిడకలు కాల్చేది. పిడక కణిక మట్టి కణిక కన్నా తేలిక. పట్టు నేర్చుకోవడానికి నాకు ఒక చలికాలం పట్టింది.

అర మైలు దూరంలో నార్వే నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఇల్లాలి పేరు ఇంగెబోర్గ్. ఆమె భర్త చలికాలాలు రైలు పనికి పోయేవాడు. ఇంకో నాలుగు మైళ్ళ అవతల రైన్‌హార్ట్ అనే జర్మన్ బ్రహ్మచారి ఉండేవాడు. చుట్టుపక్కల మనుషులంటే వీళ్ళే. ఇంగెబోర్గ్‌కు ఊనా భాష రాదు, ఊనాకి ఆమె భాష రాదు, ఇంగ్లీషు ఇద్దరికీ అంతంతమాత్రం. అయినా మొదటి ఏడాది గుడ్లు, ఈస్టు పిండి ఇచ్చిపుచ్చుకుంటూ నవ్వులతోనే సరిపెట్టుకున్నారు.

రెండో వసంతంలో మూడు రోజులు వదలకుండా వాన కురిసింది. నాలుగో రోజు పొద్దున ఇంగెబోర్గ్ తలుపు దగ్గర నిలబడింది. తల మీంచి నీళ్ళు కారుతున్నాయి, చేతిలో మూత ఉన్న ఇనుప కుండ. పొయ్యి వైపు చూపించి, ఖాళీ కుండ చూపించి, ఏదో గబగబా చెప్పింది. కప్పు కారి నిప్పు ఆరిపోయిందని, అగ్గిపుల్లలు తడిసిపోయాయని పసిపిల్లకు కూడా అర్థమవుతుంది. ఊనా నన్ను అందుకుంది. ఒక మంచి కణిక పట్టుకుంది. అక్కడే ఆగిపోయింది.

ఆ రోజు మే ఒకటి.

కోర్మాక్ విత్తనాల కోసం ఊరికి వెళ్ళాడు, అడగడానికి లేడు. ఊనా కణికను మళ్ళీ పొయ్యిలో వదిలేసి తల అడ్డంగా ఊపింది. ఎందుకో చెప్పడానికి ఆమె దగ్గర మాటలు లేవు. ఇంగెబోర్గ్ నమ్మలేనట్టు చూసింది. ఒక రొట్టె ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ వానలోనే రైన్‌హార్ట్ ఇంటి వైపు నడిచింది, నాలుగు మైళ్ళు. సగం తెరిచిన తలుపులోంచి ఆమె చిన్నగా, ఇంకా చిన్నగా అయిపోవడం నేను చూశాను. ఆ కణికను పట్టుకున్నది నేనే. ఇనుముకి సిగ్గుంటుందంటే నమ్ముతారా?

రెండు రోజుల తర్వాత వచ్చిన కోర్మాక్ అంతా విన్నాడు.

"ఇచ్చెయ్యాల్సింది, ఊనా," అన్నాడు.

"నాకు మాత్రం తెలియదా?" అంది ఊనా. "మళ్ళీ మన పొయ్యిలో నీళ్ళు పడతాయేమోనని భయపడ్డాను."

ఆ శరదృతువులో బావి తవ్వుతుండగా మట్టి విరిగిపడి కోర్మాక్ చనిపోయాడు. రైన్‌హార్ట్, ఇంగెబోర్గ్ భర్త వచ్చి అతన్ని పైకి తీశారు, గొయ్యి తవ్వారు. ఇంగెబోర్గ్ రాలేదు. ఇద్దరు పిల్లలతో, ఒక జత ఎద్దులతో ఊనా ఆ నేల మీదే ఉండిపోయింది. దున్నింది, విత్తింది, మంచు తుఫానుల్లో దారి తప్పకుండా తాడు కట్టుకుని పశువుల కొట్టానికి వెళ్ళి వచ్చింది. నాలుగేళ్ళు ఆ రెండు ఇళ్ళ మధ్య మాట లేదు.

అయిదేళ్ళు నిండే సమయానికి పట్నంలో ఒకడు ఆ నేల మీద కన్నేశాడు. భర్త పోయాక ఈ విధవరాలు చలికాలాలన్నీ పట్నంలోనే గడిపిందని, చట్టం ప్రకారం నేల వదిలేసినట్టేనని కచేరీలో అర్జీ పెట్టాడు. రైన్‌హార్ట్ సాక్ష్యం చెబుతానన్నాడు. రెండో సాక్షి కావాలి. చలికాలాల్లో ఆ దగ్గరలో ఉన్న మనిషి ఒక్కతే.

ఊనా నన్ను శాలువాలో చుట్టుకుని బయలుదేరింది. ఇనుము వెంట ఉంటే ధైర్యమని. అర మైలు నడవడానికి గంట పట్టింది, మూడుసార్లు వెనక్కి తిరిగింది. ఇంగెబోర్గ్ తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా, పొమ్మనకుండా నిలబడింది. ఇప్పుడు ఇద్దరికీ సరిపడా ఇంగ్లీషు వచ్చు.

"సాక్ష్యం అడగడానికి వచ్చాను," అంది ఊనా. "కానీ ముందు ఆ రోజు సంగతి చెప్పాలి. అది మే మొదటి రోజు. ఆ రోజు మావాళ్ళు నిప్పు ఇవ్వరు. ఇస్తే ఇంటి అదృష్టం పోతుందంటారు."

ఇంగెబోర్గ్ పక్కకి జరిగి ఆమెను లోపలికి రానిచ్చి, బల్ల దగ్గర కుర్చీ లాగింది.

"మా చర్చి వేరని ఇవ్వలేదనుకున్నాను," అంది. "నేను రొట్టె కాల్చుకోవడానికి రాలేదు. నా పిల్లకి అప్పటికి బాప్తిస్మం కాలేదు. అది అయ్యేదాకా ఇంట్లో నిప్పు ఆరకూడదు, మా వైపు. ఆరితే కొండల్లో ఉండేవాళ్ళు వచ్చి బిడ్డను మార్చేస్తారు. మా ఆయన ఇంకా రైలు పని నుంచి రాలేదు, రోజంతా దాన్ని ఒంటరిగా వదిలి రావాల్సి వచ్చింది. ఉయ్యాల మీద కత్తెర పెట్టి వచ్చాను."

ఊనా శాలువా విప్పి నన్ను బల్ల మీద పెట్టింది. "మేము దీన్ని పెడతాం," అంది.

రెండు దేశాల భయాలు సముద్రం దాటి వచ్చి, ఒకే గుమ్మం దగ్గర ఒకదాన్నొకటి గుర్తుపట్టకుండా వెళ్ళిపోయాయి. గుర్తుపట్టడానికి మనుషులకు నాలుగేళ్ళు పట్టింది.

"నిప్పు నేనే ఉంచుకున్నాను," అంది ఊనా. "అయినా ఆ ఏడే కోర్మాక్ పోయాడు."

ఆమె ఏడ్చింది. ఇంగెబోర్గ్ కాఫీ పోసి ఇచ్చింది గానీ వస్తానని అనలేదు, రానని అనలేదు. క్షమించానని కూడా అనలేదు.

ఆ తర్వాత నా గతి ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, పెద్దగా ఏమీ లేదు. ఊనా కూతురి కాలానికి స్టవ్వు వచ్చింది, నన్ను కొట్టంలో తగిలించారు. మనవడు నాతో దూడలకు ముద్ర వేసే ఇనుము పట్టుకున్నాడు, మునిమనవరాలు ముళ్ళతీగ లాగింది. ఆ తర్వాతి తరం నన్ను ఎందుకు వాడతారో కూడా తెలియక, గౌరవంగా, ఈ మ్యూజియానికి ఇచ్చేసింది. అవన్నీ మామూలు రోజులు. నేను ఎప్పుడూ తలచుకునేది మాత్రం కచేరీకి వెళ్ళిన రోజునే.

ఆ పొద్దున రైన్‌హార్ట్ బండి తెచ్చాడు. ఊనా నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంగెబోర్గ్ ఇంటి దారి కలిసే చోట ఎవరూ లేరు. రైన్‌హార్ట్ ఎద్దులను ఆపి పైపు వెలిగించుకున్నాడు. పైపు అయిపోయింది, ఇంకోటి వెలిగించాడు. అప్పుడు గడ్డిలోంచి, చర్చికి కట్టుకునే నల్ల తలగుడ్డతో, ఇంగెబోర్గ్ నడిచి వచ్చింది. బండి వెనక ఎక్కింది.

కచేరీలో అధికారి నన్ను చూసి, "ఇది కూడా సాక్షేనా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. రైన్‌హార్ట్ చెప్పాల్సింది చెప్పాడు. ఇంగెబోర్గ్ వంతు రాగానే అర్జీ పెట్టినవాడు లేచాడు.

"వీళ్ళిద్దరికీ నాలుగేళ్ళుగా మాటల్లేవు, ఎవరినైనా అడగండి," అన్నాడు. "ఆ ఇంట్లో ఎవరున్నారో ఈమెకేం తెలుసు?"

"మాటల్లేవు," అంది ఇంగెబోర్గ్. "అందుకే చూశాను."

అధికారి కలం ఎత్తాడు. "ఏం చూశారు?"

"పొద్దున్నే పాలు పితకడానికి బయటికి వస్తాను. ముందు వాళ్ళింటి వైపు చూస్తాను. పొగ లేస్తుంటే పనిలో పడతాను."

"చలికాలంలో కూడా?"

"చలికాలంలో ఇంకా ముందు చూస్తాను. ఇద్దరు పిల్లలు కదా, మగమనిషి లేడు. పొగ లేకపోతే వెళ్దామనే చూసేదాన్ని. నాలుగేళ్ళలో పొగ లేని రోజు ఒక్కటీ లేదు. అలాగే రాసుకోండి."

అతను అలాగే రాసుకున్నాడు. ఊనా నన్ను ఎంత గట్టిగా పట్టుకుందంటే నా రెండు కాళ్ళూ దగ్గరికి వచ్చి అంటుకుపోయాయి. ఆ గడ్డిలో తనను చూసే కన్ను ఒక్కటీ లేదని ఆమె ఇన్నేళ్ళూ అనుకుంది. ఇప్పుడు నేల తనదైందని అధికారి చెబుతున్నా ఆమెకు వినిపించడం లేదు.

తిరుగు ప్రయాణంలో ఇంగెబోర్గ్ ఇంటి దారి చేరేసరికి పొద్దు వాలింది. ఇంగెబోర్గ్ దిగేటప్పుడు ఊనా ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేను ఒక్కసారీ చూడలేదు," అంది. "మీ ఇల్లు కనపడకూడదని ఆ వైపు కిటికీకి గుడ్డ కట్టేశాను."

"తెలుసు," అంది ఇంగెబోర్గ్. "ఎర్ర గుడ్డ. ఇక తీసెయ్యి."