నాలుగుసార్లు తొమ్మిది

కొక్కెం పోయింది మంగళవారం నాడు. జానెడు పొడవున్న స్టీలు కొక్కెం. పారాచూట్ తాళ్ళను సంచి అంచున ఉండే కన్నాల్లోంచి లాగడానికి వాడతారు. మా తమ్ముడి బల్ల మీద ఉండవలసిన తొమ్మిది పనిముట్లలో అదొకటి. సాయంత్రం స్టోరు గుమాస్తా వచ్చి చూసేసరికి ఎనిమిదే ఉన్నాయి.

తమ్ముడు సైన్యంలో పారాచూట్లు మడతపెడతాడు. ఇరవై రెండేళ్ళ నుంచి అదే పని. విమానంలోంచి దూకేవాడికి తన వీపు మీది సంచిలో గుడ్డ ఎలా మడతపడి ఉందో తెలియదు. మడతపెట్టినవాడికే తెలుసు. అందుకని అక్కడ ఒక పద్ధతి ఉంది. ఒక్కో సంచి మూయగానే, మడతపెట్టినవాడు తన పనిముట్లన్నీ బల్ల చివర ఎర్రగుడ్డ మీద వరసగా పేర్చి, లెక్కపెట్టి, "తొమ్మిది" అని పైకి చెప్పాలి. తనిఖీ చేసేవాడు తను కూడా లెక్కపెట్టుకుని "తొమ్మిది" అని, కార్డు మీద సంతకం చెయ్యాలి. పనిముట్టు ఒక్కటి కనబడకపోయినా ఆ రోజు ఆ బల్ల మీద తయారైనవన్నీ విప్పి చూడాలి.

ఆ రోజు తమ్ముడు పదకొండు మడతపెట్టాడు. తలుపులు వేసి ఒక్కొక్కటే విప్పారు. ఎనిమిదోదానిలో, గుడ్డ మడతల మధ్య, కొక్కెం దొరికింది. పదకొండులో ఒక్కటి కూడా అప్పటికి గది దాటలేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇదంతా వాడు నాకు బుధవారం సాయంత్రం చెప్పాడు, కూతుర్ని చూడ్డానికి వచ్చినప్పుడు. పిల్ల పదో తరగతి. నేను పనిచేసే బడిలోనే చదువుతోంది. ఏడు నెలలుగా నా దగ్గరే ఉంటోంది. వాళ్ళమ్మ పోయి ఏడు నెలలు.

వాళ్ళమ్మ నాకు మరదలు కాకముందే మా బడిలో లెక్కల టీచరు. నేను చరిత్ర చెప్తాను. మా తరగతుల మధ్య ఉన్నది గోడ కాదు, చెక్క అడ్డు. నా క్లాసులో గోల మితిమీరితే అవతల్నించి డస్టరుతో రెండు దెబ్బలు వేసేది. పిల్లలు గప్‌చుప్ అయిపోయేవారు, నేను కూడా. సంబంధం కుదిర్చింది నేనే. పెళ్ళయ్యాక ఆ పాపం నా నెత్తినే వేసేది. "ఆకాశంలోంచి దూకేవాళ్ళకి మడతలు పెడతాడే గానీ, ఇంట్లో దుప్పటి మడతపెట్టమంటే మీ తమ్ముడికి నడుం పట్టేస్తుంది వదినా" అనేది. వాడు వినబడనట్టు పేపరు చదువుకునేవాడు.

ఆస్పత్రిలో ఆమె నన్ను ఒక్కటే అడిగింది. "ఆయన్ని ఉద్యోగం మానెయ్యనివ్వకు వదినా. ఆ చేతులకి పని లేకపోతే మనిషి దక్కడు." నేను సరేనన్నాను. తర్వాత రెండు రోజులకి ఆమెకి మాట పడిపోయింది.

వచ్చే నెలాఖరుతో తమ్ముడి గడువు పూర్తవుతుంది. ఇంకో రెండేళ్ళు ఉండాలనుకుంటే ఒక కాగితం మీద సంతకం పెట్టి సోమవారంలోగా ఇవ్వాలి. ఆ కాగితం మూడు వారాలుగా వాడి చొక్కా జేబులోనే ఉంది. పెడతాడనే నేను ధీమాగా ఉన్నాను.

"సంతకం పెట్టట్లేదక్కా" అన్నాడు బుధవారం.

"కొక్కెం దొరికింది కదరా?"

"దొరికింది."

"ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"ఒక్కరూ ఏమీ అనలేదు. కూర్చోబెట్టి టీ ఇచ్చారు."

"మరింకేం? ఇరవై రెండేళ్ళలో ఒక్క పొరపాటు. నేను బోర్డు మీద రోజుకి మూడు చేస్తాను."

"నీ బోర్డు మీద పొరపాటుకి ఎవడూ చావడు."

అంత మాట అన్నాక ఊరుకోవలసింది. ఊరుకోలేదు. "ఇంటికొచ్చి ఏం చేస్తావు? గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటావా? తను నాకేం చెప్పి పోయిందో నీకు తెలుసు."

 పక్కగదిలోంచి పిల్ల అందుకుంది. "నాన్నకి పనిలేకపోవడమేంటత్తా? నా పుస్తకాల బీరువా ఒక్కటి చాలు, ఆర్నెల్లు సర్దచ్చు."

"నీ బీరువాకి నేనొక్కణ్ణి సరిపోనమ్మా, పటాలం దిగాలి" అన్నాడు వాడు. పిల్ల నవ్వింది. వాడు టీ కప్పు కడిగి బోర్లించి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

శుక్రవారం నాకు వాళ్ళ కెప్టెన్ ఫోన్ చేశాడు.

"టీచర్ గారూ, మీ తమ్ముడి విషయం. ఆయన్ని ఇక్కడ అందరం మాస్టారనే పిలుస్తాం."

"ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పింది నేను, మాస్టారు వాడా?" అన్నాను.

అతను నవ్వాడు. చిన్నవాడి గొంతు. "ఇలాంటి మనిషి నాకు మళ్ళీ దొరకడండీ. జరిగింది చిన్నది. లెక్క చూసే పద్ధతి ఉంది, పద్ధతి పట్టుకుంది. ఆయనేమో కొండంత చేసుకుంటున్నాడు. మీరొచ్చి ఒక్క మాట చెప్తే వింటాడు."

నాకు కావలసింది కూడా అదే. శనివారం ఒంటిపూట బడి అయ్యాక వెళ్ళాను.

గేటు దగ్గర పేరు రాయించుకుని లోపలికి పంపారు. మడతల గది పొడుగ్గా ఉంటుంది. కిటికీలు చాలా ఎత్తున ఉన్నాయి. ఫ్యాన్లున్నాయి గానీ వెయ్యరు, గుడ్డ లేచిపోతుందని. నేల అద్దంలా తుడిచి ఉంది. గాజులు తీసి సంచిలో వేసుకోమని గుమ్మంలోనే చెప్పారు. లోపల ఎవరి వేలికీ ఉంగరం లేదు, చేతికి గడియారం లేదు. మా బడి వరండా అంత పొడుగు బల్లలు ఆరు, వాటి పక్కన చెమటలు కక్కుతూ మనుషులు. మాటలు తక్కువ. గుడ్డ జారే చప్పుడు, ఉండుండి ఎవరో "తొమ్మిది" అనడం, ఇంకెవరో "తొమ్మిది" అనడం.

తమ్ముడి బల్ల దగ్గర తనిఖీ చేసే అతన్ని పొడుగాయన అంటారు. నిజంగానే తాటిచెట్టంత ఉన్నాడు. నన్ను చూడగానే స్టూలు తెచ్చి వేశాడు.

"కూర్చోండక్కగారూ. మీరైనా చెప్పండి. మాస్టారు వెళ్ళిపోతే మమ్మల్ని తిట్టేవాడెవరు? తిట్లు లేకపోతే మాకు అన్నం సయించదు."

"ఆ పని నేను చూసుకుంటాలే" అన్నాడు కెప్టెన్.

"మీ తిట్లు చప్పగా ఉంటాయి సార్" అన్నాడు పొడుగాయన.

అందరూ నవ్వారు. తమ్ముడు కూడా. వాళ్ళు వాణ్ణి ఎలా చూసుకుంటారో నాకు అప్పుడు తెలిసింది. ఇక్కణ్ణుంచి వీణ్ణి ఇంటికి తీసుకుపోవడం అన్యాయమని కూడా అనిపించింది. చెప్పదలుచుకున్న మాటలు మనసులో ఒకసారి సరిచూసుకున్నాను.

"అక్కా, ఎప్పుడూ చూళ్ళేదుగా. ఒకటి మడతపెట్టి చూపిస్తా. ఇది పాతది, దీంతో ఎవరూ దూకరు. పరీక్షకి, మనిషంత బొమ్మలకి కట్టి విసురుతారు" అన్నాడు తమ్ముడు.

గుడ్డ పరిచాడు. తెల్లటి గుడ్డ, చాలా పల్చటిది. ఒక్కో పట్టీ పట్టుకుని, దులిపి, పక్కదాని మీద వేసి, సీసపు గుళ్ళ సంచి బరువుగా పెట్టాడు. వాడి చేతులు తొందరపడలేదు. తాళ్ళు దువ్వెనతో దువ్వినట్టు విడదీశాడు. కొక్కెం తీసుకుని తాళ్ళను వరసలు వరసలుగా లాగి పేర్చాడు. గుడ్డంతా సంచిలోకి వెళ్ళిపోయింది. మోకాలు ఆనించి మూత బిగించాడు. అరగంటకు పైనే పట్టింది. నేను కళ్ళు తిప్పలేదు. నా తమ్ముడు పనిచేస్తుండగా చూడటం అదే మొదటిసారి. నాకు యాభై నాలుగేళ్ళు.

పనిముట్లు తీసి ఎర్రగుడ్డ మీద పేర్చాడు.

"తొమ్మిది" అన్నాడు.

"తొమ్మిది" అన్నాడు పొడుగాయన. కార్డు మీద సంతకం చేశాడు.

తమ్ముడు ఎడమ పిడికిలి తెరిచాడు. అందులో కొక్కెం ఉంది.

పొడుగాయన ఎర్రగుడ్డ వంక చూశాడు. పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. ఎనిమిది.  "మాస్టారూ" అని మాత్రం అన్నాడు.

"తప్పు నీది కాదురా. నువ్వు గుడ్డ వైపు చూళ్ళేదు, నా మొహం చూశావు. నేను తొమ్మిదంటే తొమ్మిదే నీకు. మంగళవారం కూడా అంతే. కొక్కెం పోయింది ఎనిమిదోదానిలో. ఆ తర్వాత ఇంకో మూడు మడతపెట్టాను. దాంతో కలిపి నాలుగుసార్లు తొమ్మిదన్నాను. నువ్వూ నాలుగుసార్లు తొమ్మిదన్నావు."

"కొక్కెం లేకుండా ఆ మూడూ ఎలా పెట్టావురా?" అన్నాను.

"పక్క బల్ల మీది కొక్కెం తీసుకున్నానక్కా. చెయ్యి చాచి తీసుకోవడం, మళ్ళీ పెట్టెయ్యడం. నాది ఏమైందీ అని అనుకోనే లేదు."

"అప్పుడు ఏం ఆలోచిస్తున్నావు?"

ఆమె గురించి అంటాడనుకున్నాను. అంటే ఓదార్చడానికి నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి.

"ఏమీ లేదక్కా. ఏమీ ఆలోచించట్లేదు. నా భయం అదే."

కెప్టెన్ ముందుకొచ్చాడు. "మాస్టారూ, మీ బల్లకి ఇద్దరు తనిఖీదార్లని పెడతాను. సోమవారం నుంచే."

"పెట్టండి సార్. రెండోవాడు కూడా నా మొహమే చూస్తాడు."

 పొడుగాయన ఆ కార్డు చింపబోయాడు. తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టి, చింపద్దు, కొట్టేసి పక్కన కారణం రాయమన్నాడు. అతను అలాగే రాశాడు. 

తమ్ముడు నా వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పక్కా. నీ క్లాసులో ఒక పిల్లాణ్ణి లేపి, ఇది కట్టుకుని దూకరా అని పంపిస్తావా?"

వాడు గట్టిగా అడగలేదు. నా క్లాసులో నలభై ఒక్కమంది. ఒక్కొక్క మొహమే గుర్తుచేసుకున్నాను. పంపిస్తానని అనగలిగిన మొహం ఒక్కటీ లేదు.

"సంతకం పెట్టకు" అన్నాను.

కెప్టెన్ నన్ను రప్పించింది ఆ మాట అనడానికి కాదు. అయినా గేటు దాకా వచ్చి సాగనంపాడు. "ఆయన ఉంటే నాకు ధైర్యంగా ఉండేదండీ" అన్నాడు. మళ్ళీ తనే, "అదే తప్పేమో" అన్నాడు.  చెప్పవలసింది అతనికి తెలిసిపోయింది.

తమ్ముడు, నేను బస్టాపు దాకా నడిచాం. గాజులు తొడుక్కుంటుంటే ఒకటి కిందపడి దొర్లిపోయింది. వాడు పరుగెత్తి పట్టుకున్నాడు.

"తనకి మాటిచ్చావు కదా" అన్నాడు, గాజు నా చేతిలో పెడుతూ.

"ఇచ్చాను."

"మరి?"

"తప్పాను."

ఆమె ఉంటే ఏమనేదో నాకు తెలియదు. పరీక్ష పేపర్లలో జవాబు సరిగ్గా ఉన్నా, లెక్క చేసిన దారి రాయకపోతే సున్నా వేసే మనిషి. పిల్లలు ఏడ్చినా మార్చేది కాదు. నా పక్షానే ఉండేదేమో. కానీ ఆస్పత్రి మంచం మీద ఆమె అడిగింది వేరు. అడిగింది భార్య, టీచరు కాదు. ఈ రెంటినీ కలిపి నాకు అనుకూలంగా చెప్పుకునే హక్కు నాకు లేదు.

సోమవారం తమ్ముడు కాగితం సంతకం లేకుండా తిరిగిచ్చేశాడు. మిగిలిన ఆరు వారాలూ తనని బల్ల దగ్గర నిలబెట్టద్దని అడిగాడు. ఒప్పుకున్నారు. ఇప్పుడు వాడు చేస్తున్న పని ఒక్కటే. తనిఖీదార్లని గంటకోసారి బల్లలు మారుస్తాడు. ఎవరూ ఎవరి మొహానికీ అలవాటు పడకూడదట. మడతపెట్టినవాడు లెక్క చెప్పేటప్పుడు తనిఖీ చేసేవాడు కళ్ళు మూసుకోవాలి, తర్వాత తెరిచి ఎర్రగుడ్డ మీద ఒక్కో పనిముట్టునీ వేలితో తాకుతూ లెక్కపెట్టాలి. పొడుగాయన మొదట్లో సిగ్గుపడ్డాడట, చిన్నపిల్లాడిలా వేళ్ళు పెట్టి లెక్కేమిటని. ఇప్పుడు అందరికంటే నిదానంగా అతనే చేస్తున్నాడని తమ్ముడు చెప్పాడు. చెప్పేటప్పుడు వాడి మొహంలో కాస్త వెలుగు చూశాను. దాన్ని సంతోషం అనలేను.

పిల్లకి కారణం వాడే చెప్పాడు, నేను వంటింట్లో ఉండగా. అది అంతా విని, "నాలుగుసార్లా నాన్నా?" అని అడిగింది. "నాలుగుసార్లు" అన్నాడు. అది లేచి వచ్చి వాడి పక్కన కూర్చుంది. బీరువా మాట ఎత్తలేదు.

నిన్న వాడి పెట్టె ఒకటి మా ఇంటికి వచ్చింది. ముందుగదిలో మంచం గోడవైపుకి జరిపాం. వచ్చే నెల ముప్ఫయ్యో తారీకున వాడు వచ్చేస్తాడు. వచ్చాక పొద్దున్నించి సాయంత్రం దాకా ఏం చేస్తాడన్నది ఇంకా తేలలేదు. వాణ్ణి నేను అడగలేదు. వాడు నాకు చెప్పలేదు.