ఊపిరంత ప్రార్థన

లిఫ్టులు బాగుచేసే మనిషికి భయం ఉండకూడదని ఎక్కడా రాసి లేదు. అయినా అతనికి మాత్రం తన భయం ఏదో దొంగసొత్తులా అనిపించేది. ఎవరి కంటా పడకుండా దాచుకుంటూ తిరిగేవాడు.

విచిత్రం ఏమిటంటే పనిలో దిగితే భయం దరిదాపులకు వచ్చేది కాదు. లిఫ్టు పైకప్పు మీద నిలబడి, ఆ చీకటి గోతిలో టార్చిలైటు నోట కరుచుకుని బోల్టులు బిగిస్తున్నంతసేపూ గుండె నిమ్మళంగానే ఉండేది. అన్నం ముందు కూర్చున్నప్పుడు, కూతురికి జడ వేస్తున్నప్పుడు, బస్సులో కిటికీ పక్కన సీటు దొరికి హాయిగా కూర్చున్నప్పుడు వచ్చేది. ముందు అరచేతులు చల్లబడేవి. తర్వాత గుండె గొంతులోకి ఎక్కి కొట్టుకునేది. ఏదో జరగబోతోంది, ఏదో జరగబోతోంది అని లోపలెవరో రొద పెట్టేవారు. ఏం జరగబోతోందో మాత్రం చెప్పేవారు కాదు.

భార్యే పట్టుబట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు అంతా విని, ఇది జబ్బే, సిగ్గుపడాల్సింది కాదు అని మాత్రలు రాసిచ్చాడు. అతను వాటిని పనిముట్ల సంచిలో, స్క్రూల డబ్బా అడుగున దాచాడు.

"మన ఇంట్లో దాచుకోవడం దేనికి? నాకు తెలుసుగా!" అంది భార్య.

"మన ఇంటికి మందిరం వాళ్లు వస్తుంటారు."

"వస్తే? వాళ్లకి జ్వరమొస్తే మాత్రలు మింగరా?"

అతను సంచి జిప్పు వేసేశాడు. ప్రార్థన మందిరంలో అతన్ని అందరూ ప్రార్థనన్న అనేవాళ్లు. మంచి గొంతు. అతను మొదలుపెడితే మారాం చేసే పిల్లలు కూడా నోరు మూసుకుని వినేవాళ్లు. ఎవరింట్లో జబ్బు చేసినా, ఎవరికి ఆపరేషన్ అన్నా ముందు అతనికే కబురు. వాళ్ల తల మీద చెయ్యి వేసి అతను అందరికంటే ఎక్కువగా చెప్పే మాట, "భయపడకండి." ఆ మాట అంటున్నప్పుడు తన మోకాళ్లు వణకడం ఎవరూ చూడకుండా మంచానికి ఆనుకుని నిలబడేవాడు.

మాత్రలు మొదలుపెట్టాక కొంత తెరిపిన పడ్డాడు. తెరిపితోపాటే కొత్త దిగులు. తగ్గించింది దేవుడా, మాత్రా? దేవుడే అయితే మాత్ర ఎందుకు? మాత్రే అయితే ఇన్నేళ్లూ కళ్లు మూసుకుని తను మాట్లాడింది ఎవరితో? ఆ ప్రశ్న బుర్రలోకి వచ్చినప్పుడల్లా ఉలిక్కిపడి, పైనుంచి ఎవరో విన్నట్టు, తప్పైపోయింది తప్పైపోయింది అని గొణుక్కునేవాడు.

ఆ మధ్యాహ్నం ఒక పాత మేడలో లిఫ్టు తలుపు కీచుమంటోందంటే, తనతో పనిచేసే పెద్ద మెకానిక్ బాబాయ్‌తో కలిసి వెళ్లాడు. బాబాయ్ అంటే సొంత బాబాయ్ కాదు. పని నేర్పినవాడు కాబట్టి అలా పిలుపు పడిపోయింది. తలుపు సరిచేశాక, ఒక చక్రం అరిగింది, కొత్తది తెస్తానని బాబాయ్ బయటికి వెళ్లాడు. లిఫ్టు ఎలా నడుస్తోందో చూద్దామని అతను ఎక్కి బటన్ నొక్కబోతుంటే, "ఆగాగు తమ్ముడూ!" అంటూ టైలరక్క పరుగున వచ్చి లోపల పడింది. చేతిలో కుట్టాల్సిన బట్టల సంచి.

టైలరక్కది ఆ మేడలో పైఅంతస్తు. మందిరంలో ఆడవాళ్ల వరసలో ముందు కూర్చుంటుంది. ఆమె భర్తకు ఊపిరితిత్తులు పాడై రెండేళ్లుగా ఇంట్లో గాలి మిషన్ మీదే ఉన్నాడు. ముక్కుకు గొట్టం, మంచం పక్కన గుర్రుమంటూ మిషన్. ఆయన కోసం అతను ఎన్నోసార్లు ఆ ఇంటికెళ్లి ప్రార్థన చేశాడు.

"బావగారెలా ఉన్నారక్కా?"

"ఎలా ఉంటారు, నన్ను తిట్టేంత ఓపిక ఉంది. నిద్రపోతుంటే తాళం వేసి వచ్చా. బటన్లు కొనడానికి సందు చివరికి..."

మాట పూర్తి కాలేదు. లైటు ఆరిపోయింది. ఫ్యాను ఆగింది. లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి, పట్టుకున్నట్టు నిలిచిపోయింది.

"కరెంటు పోయిందక్కా. ఏం కాదు. బ్రేకు పడింది. మనం కింద పడం," అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. ఆ బ్రేకు ఇందాకే తనే చూశాడు.

"మనం కాదు తమ్ముడూ! ఇంట్లో మిషను!" టైలరక్క గొంతు చీలింది. "దాని బ్యాటరీ పాడైంది. కరెంటు పోతే సిలిండర్‌కి మార్చాలి. నేనే మార్చాలి. ఆయన లేవలేరు!"

జనరేటరు వస్తుందేమోనని చెవులు రిక్కించారు. రాలేదు. అది చెడిపోయి ఎన్నాళ్లయిందో ఆమెకూ తెలుసు. ఫోను తీస్తే ఆ ఇనుప గదిలో సిగ్నల్ లేదు. అతను బ్యాటరీతో మోగే అలారం బటన్ మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కి పట్టాడు. ఎక్కడో కింద గంట మోగింది. ఆ మోతకు గుండె లయ తప్పింది. అరచేతులు చల్లబడ్డాయి. ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు, అనుకున్నాడు.

టార్చిలైటు వేసి, లోపలి తలుపును చేత్తో తోశాడు. ఎదురుగా పైన ఇటుక గోడ, కింద నాలుగో అంతస్తు తలుపు పైసగం. అందులోని లాకును వేలితో తప్పించి పక్కకు నెట్టాడు. కింద నడవాలో పగటి వెలుతురు కనపడింది. నేల నడుమెత్తు లోతులో ఉంది.

టైలరక్క అప్పటికే చెప్పులు విడిచేసింది. "దిగుతా. పట్టుకో."

"వద్దు!"

"నడుమెత్తేగా!"

"అక్కా, ఇటు చూడు." లిఫ్టు అంచు కింద టార్చి వేశాడు. లిఫ్టు అడుగుకూ నడవా నేలకూ మధ్య నల్లటి సందు. "దూకినప్పుడు కాలు జారి వెనక్కి తూలావంటే ఈ సందులోంచి లిఫ్టు కిందకి పోతావ్. నాలుగంతస్తుల గొయ్యి. అలా పోయినవాణ్ని నేను మోశాను."

"అయితే నువ్వు దిగు. నీకలవాటేగా!"

అతను ఆ సందు వైపు చూశాడు. నిజమే, అలవాటే. ఇలా దిగకూడదన్నది కూడా నిజమే, బాబాయ్ మొదటి రోజు నేర్పిన పాఠం అదే. కానీ ఇప్పుడు కాళ్లు నేలకు అతుక్కుపోయాయి, ఒళ్లంతా చెమట. తనను ఆపుతున్నది ఆ పాఠమా, పిరికితనమా? తేల్చుకోలేకపోయాడు. పొద్దస్తమానం ఊరికే అరిచే కుక్క నిజంగా దొంగ వచ్చిన రోజు అరిస్తే ఎవరికి తెలుస్తుంది? అతని భయమూ అంతే. పైన ఒక మనిషి గాలి కోసం కొట్టుకుంటున్నాడు, ఇక్కడ తను లెక్కలు వేస్తున్నాడు.

ఇంతలో గంట విని వాచ్‌మన్ మెట్లెక్కి రొప్పుతూ వచ్చాడు. టైలరక్క పొట్ట మీద పడుకుని తాళంచెవి కిందికి అందించింది.

"పైకి పరిగెత్తు బాబూ! మంచం పక్కన పెద్ద సిలిండరుంది. గొట్టం మిషన్‌లోంచి పీకి దానికి పెట్టు. పైన చక్రం ఎడమకి తిప్పు!"

"నాకు రాదమ్మా, పేలితే?"

"పేలదు! ఆయనే చెప్తారు, నువ్వు వెళ్లు!"

వాచ్‌మన్ చెప్పుల చప్పుడు మెట్లమీద దూరమైంది. అంతలోనే టైలరక్క నెత్తి కొట్టుకుంది.

"అయ్యో! తలుపుని పైకెత్తి పట్టుకుని తాళం తిప్పాలి! లేకపోతే తిరగదు. చెప్పడం మర్చిపోయా!"

ఇద్దరూ గొంతులు చించుకుని అరిచారు. పిలుపు గోతిలో పైకీ కిందికీ కొట్టుకుని వాళ్ల దగ్గరికే తిరిగొచ్చింది. జవాబు లేదు.

ఆమె అతని చొక్కా పట్టుకుంది. "ప్రార్థన చెయ్యి తమ్ముడూ. నీ మాటయితే వింటాడు. చెయ్యి!"

అతను కళ్లు మూసుకున్నాడు. అలవాటైన మాటలు బారులు తీరి వచ్చాయి. సర్వశక్తిమంతుడా, నీ బిడ్డలం నీ పాదాల చెంత... అంతే. గొంతులో ఏదో అడ్డం పడింది. గాలి లోపలికి వెళ్తోంది, బయటికి రావడం లేదు. చెవుల్లో హోరు. గోడలు దగ్గరికి జరిగాయి. ఇదే చావు, ఇలాగే ఉంటుంది, అనుకుంటూ గోడకు జారి కూలబడ్డాడు.

"ఏమైంది? తమ్ముడూ!"

"భయం... భయమేస్తోందక్కా. ఊపిరాడట్లేదు. నాకిది జబ్బు. మందులు... మింగుతున్నా."

టైలరక్క అతని చొక్కా వదిలేసింది. తర్వాత మండిపడింది. "నువ్వే భయపడితే మేం ఎవర్ని చూసి ధైర్యం తెచ్చుకోవాలయ్యా? ఇన్నాళ్లూ మా ఇంటికొచ్చి భయపడకు భయపడకు అని..."

అతని ముఖం చూసి ఆగిపోయింది. ఆ నోరు తెరుచుకుని గాలి వెతుక్కోవడం ఆమెకు బాగా తెలిసిన సంగతి. రోజూ మంచం మీద చూస్తున్నదే. చటుక్కున ఎదురుగా కూర్చుని అతని రెండు భుజాలు పట్టుకుంది.

"నన్ను చూడు. గాలి పీల్చకు. ముందు వదులు. పెదాలు సున్నాలా పెట్టి, దీపం ఆరకుండా ఊదినట్టు మెల్లిగా. ఇంకా వదులు. ఇంకా ఉంది, వదులు. ఇప్పుడు ముక్కుతో కొంచెమే. మళ్లీ వదులు."

అలా తనతోపాటు ఊదించింది. ఊదుతుంటే ఆమె చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. ఆపలేదు. పైన తన మనిషికి ఇవ్వలేని ఊపిరిని ఇక్కడ పరాయివాడికి లెక్కపెట్టి ఇస్తోంది. కొంతసేపటికి అతని వేళ్లలోకి వెచ్చదనం వచ్చింది. గోడలు తమ చోటికి తాము వెళ్లాయి. అప్పుడు ఆమె ఓపిక అయిపోయింది. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

భయపడకు అనే మాట అతని నోటిదాకా వచ్చింది. మింగేశాడు. పక్కన కూర్చుని, కళ్లు తెరిచే, మామూలు గొంతుతో అన్నాడు:

"దేవుడా, నువ్వున్నావో లేవో ఇప్పుడు నాకు తెలీట్లేదు. ఉంటే, తలుపు ఎత్తి తిప్పాలని ఆ వాచ్‌మన్‌కి తట్టించు. మాకు చాలా భయంగా ఉంది."

అంత చిన్న ప్రార్థన అతను జీవితంలో చెయ్యలేదు. చేశాక ధైర్యమేమీ రాలేదు. భయం అలాగే ఉంది. కాకపోతే ఇప్పుడది ఇద్దరిది.

బాబాయ్ తిరిగొచ్చేసరికి యుగాలు గడిచినట్టయింది. "లోపలెవర్రా? తలుపు మూసుకుని కదలకుండా కూర్చోండి!" అన్న కేక వినపడింది. మేడ పైనున్న లిఫ్టు మిషన్ గదిలో బ్రేకు చేత్తో వదిలి, చక్రం తిప్పుతూ లిఫ్టును అంగుళం అంగుళం దించి నడవా మట్టానికి తెచ్చాడు. తలుపు తెరుచుకోగానే టైలరక్క ఒక్క ఉదుటున మెట్ల వైపు పరుగు తీసింది. వెనకాలే అతను. ప్రతి మెట్టు మీదా ఒకటే మాట గుండెలో కొట్టుకుంది. పోయాడు. పోయాడు. పోయాడు.

పైఅంతస్తులో తలుపు బార్లా తెరిచి ఉంది. తాళంచెవి సగానికి విరిగి నేల మీద పడి ఉంది. గుమ్మం లోపల నేల మీద గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు టైలరక్క భర్త. పెదాలు నీలంగా ఉన్నాయి. ముక్కులో గొట్టం ఉంది. గొట్టం అవతలి కొస సిలిండరుకు ఉంది. సిలిండరును రెండు చేతులా వాటేసుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు వాచ్‌మన్ పక్కనే కూర్చున్నాడు.

తాళం తిరగలేదు. వాచ్‌మన్ బలంగా తిప్పితే చెవి విరిగింది. ఆ చప్పుడుకు లోపలున్నాయన మంచం దిగి, గోడ పట్టుకుని, పాకుతూ వచ్చి తాళానికి లోపలివైపున, చెవి లేకున్నా తెరుచుకునే గడియ లాగాడు. వాచ్‌మన్ సిలిండరును ఆయన దగ్గరికే ఈడ్చుకొచ్చాడు. రెండేళ్లలో ఆయన గుమ్మం దాకా రావడం అదే మొదలు.

టైలరక్క భర్త మీద పడి ఏడుస్తూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది. అతను తలుపు దగ్గరే నిలబడ్డాడు. తను అడిగింది జరగలేదు. అడగనిది జరిగింది. దీన్ని జవాబు అనాలో యాదృచ్ఛికం అనాలో తెలియక, విరిగిన చెవి వైపే చూస్తూ ఉండిపోయాడు.

తర్వాతి ఆరాధనలో ఒకాయన లేచి, మా అబ్బాయి ఉద్యోగం కోసం ప్రార్థనన్న ప్రార్థన చెయ్యాలి అన్నాడు. అతను లేచి నిలబడ్డాడు. ఆనుకోవడానికి మంచం లేదు.

"ఇవాళ నా కోసం ఎవరైనా చెయ్యండి. నాకు భయం జబ్బు ఉంది. మందులు వాడుతున్నా."

పెద్దాయనొకరు, విశ్వాసం సడలితే ఇలాగే అవుతుంది అని పక్కవాడితో అన్నాడు, అందరికీ వినపడేలాగే. ఆడవాళ్ల వరసలో టైలరక్క లేచింది. ప్రార్థనలు చెప్పడం ఆమెకు రాదు. "దేవుడా, మా తమ్ముడు," అంది. ఏమనాలో తోచక అక్కడే ఆగిపోయింది. ఆమె పక్కనున్న అతని భార్య ఆమె చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత అతన్ని పిలిచే ఇళ్లు తగ్గాయి. పిలిచిన ఇళ్లలో మాత్రం కొత్తగా ఒకటి జరిగేది. ప్రార్థన అయ్యాక ఎవరో ఒకరు గుమ్మం దాకా సాగనంపే మిషతో వచ్చి, గొంతు తగ్గించి, "అన్నా, ఆ డాక్టరు ఎక్కడుంటాడు?" అని అడిగేవారు.

భయం పోలేదు. ఒక రోజు టైలరక్క ఇంటికి వెళ్లినప్పుడు మిషన్ గుర్రుమంటుండగా బావగారిని అడిగేశాడు.

"ఆ రోజు కరెంటు పోయినప్పుడు దేవుడు గుర్తొచ్చాడా, బావగారూ?"

"ఊపిరుంటేగా, గుర్తు తెచ్చుకోవడానికి!" అన్నాడాయన, మాటకూ మాటకూ మధ్య గాలి కూడదీసుకుంటూ. "ఒకటే అనుకున్నా. మా ఆవిడ వచ్చేసరికి చస్తే... ఊరుకోదు, అని."

టైలరక్క వంటింట్లోంచి, "ఊరుకుంటానా!" అంది. అతను నవ్వాడు. నవ్వుతుండగానే అరచేతులు చల్లబడ్డాయి. ఎప్పటిలాగే కారణం లేకుండా. ఈసారి లేచి వెళ్లిపోలేదు. పెదాలు సున్నాలా చుట్టి ఊపిరి వదిలాడు. అది చూసి, ఏమీ అడక్కుండా, మంచం మీది మనిషి కూడా అతనితోపాటు వదలడం మొదలుపెట్టాడు.