బూడిద రంగు కోటు

"వాన కోటును ఎవలన్న సర్ఫ్‌ల నానవెడ్తరా? బ్రష్షు గూడ కొట్టినవా ఏంది?"

మా ఆయన ఉపేందర్‌రావు తడి విండ్‌చీటర్‌ను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని పెరటి గుమ్మంలో నిలబడ్డాడు.

"కాలరు మీద అంగుళం మందం మురికి వట్టింది. మీరు సైకిల్ తొక్కొచ్చి అదే కోటుతోని సోఫాల కూసుంటరు. ఆ వాసన ఎవలు భరించాలె?"

"వాసనతోని పూత గూడ పోయింది. ఇగ దీంట్ల నీళ్లు ఆగుతయా?"

"ఇంతకుముందు ఆగినయా?"

ఆయనకు కోపం వచ్చింది. నాకూ వచ్చింది. నేను మాటలతో ఊరుకునే దాన్ని కాదు. విండ్‌చీటర్‌ను ఆరబెట్టి, మధ్యాహ్నం గట్టు మీద పరిచి, లోపల పాత దినపత్రిక పెట్టి, పైన చెంబుతో నీళ్లు పోశాను. బట్ట బాగానే ఆపింది. నీళ్లు కుట్ల దగ్గర దిగాయి. సూది దిగిన ప్రతి చోటా కాగితం మీద ఒక చుక్క, భుజం పొడవునా చుక్కల వరుస. ఆ కాగితం తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

"సర్ఫ్ చేసింది కాదిది. కుట్ల మీద లోపటికెళ్లి పట్టీ అతికియ్యలే."

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంటె కొత్తది కొనాల్సిందే," అన్నాడు, పోట్లాట తానే గెలిచినట్టు.

రెండేళ్ల క్రితం ఆయనకు షుగర్ బయటపడింది. నడవమంటే విసుగని సైకిల్ పట్టాడు. ఆరుగురు స్నేహితులు కలిసి రోజూ తెల్లవారక ముందే హైవే మీద మావల దాటి వెళ్లి వస్తారు. నేను కరీంనగర్ పిల్లను. చలి అంటే ఏమిటో పెళ్లయి ఆదిలాబాద్ వచ్చాకే తెలిసింది. ఇక్కడ డిసెంబరులో కొబ్బరి నూనె సీసాను ఎండలో పెడితే తప్ప నూనె రాదు. ఈ ఏడు ఆ చలి మీద వాన కూడా పట్టుకుంది. మబ్బు దిగి వారమైంది. మాకు వాటా ఉన్న జిన్నింగ్ మిల్లులో పత్తి కుప్పలన్నీ పరదాల కింద చెమ్మగిల్లుతున్నాయి. మిల్లు ముందు దిగుమతి వరుసలో చోటు దొరకాలని పత్తి బండ్లు చీకటితోనే హైవే ఎక్కుతున్నాయి. వాటి మీద పత్తి కుక్కిన గోనె బోరాలు అటు మూర, ఇటు మూర బయటికి ఉబ్బి ఉంటాయి. డ్రైవరుకు పక్కన ఏమున్నదీ కనబడదు.

ఆదివారం గుడిహత్నూర్ దాకా వెళ్లి రావాలని ఆ ఆరుగురి పట్టుదల. వాన ఉన్నా ఆగరట.

కోటు ఎంచే పని నాకే వచ్చింది. ఫోనులో ఒక్కోటీ చూపిస్తుంటే నేను వద్దంటూ పోయాను. దుప్పటిలా తల మీంచి తొడిగేది వద్దన్నాను, లారీ గాలికి లేచి మొహం కప్పుతుంది. బజారులో దొరికే రబ్బరు కోటు వానను ఆపుతుంది కానీ చెమటను బయటికి పోనివ్వదు, ఈ చలిలో లోపలి నుంచే తడిసి వణకాలి. చివరికి ఒకటి కుదిరింది. కుట్ల మీద పట్టీ ఉంది, వంగినప్పుడు నడుము బయటపడకుండా వెనక పొడుగు ఉంది, మణికట్టు దగ్గర బిగింపు, చంకల కింద గాలి ఆడే జిప్పు ఉన్నాయి. అన్నీ నేను చూశాను. రంగు మాత్రం ఆయన ఎంచాడు.

"బూడిద రంగెందుకు? గిదే పసుపుల గూడ ఉన్నది," అన్నాను.

"పసుపుది ఏసుకుంటె మున్సిపాలిటోని లెక్క ఉంట."

డిగ్రీ చదివే మా అమ్మాయి మధులిక నవ్వింది. "బాపూ, మీ గ్రూపుల అందరియి గదే రంగు. ఆరుగురు పోతాంటె రోడ్డు మీద పొగ పోయినట్టుంటది."

కోటు గురువారం వచ్చింది. మళ్లీ కాగితం పెట్టి చెంబుడు నీళ్లు పోశాను. ఒక్క చుక్క లేదు. ఆ రోజంతా నా ఎంపిక మీద నాకే ముచ్చటేసింది.

శుక్రవారం ఉదయం ఏడింటికి పాల ప్యాకెట్ల కోసం గేటు దగ్గరికి వచ్చాను. సన్నగా వాన, దాని మీద మంచు. మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కూడా కనబడటం లేదు. అంత మసకలోనూ దూరంగా ఒక పచ్చటి చుక్క కదిలింది. పచ్చి నిమ్మకాయకూ పండు నిమ్మకాయకూ మధ్య రంగు. మా మిల్లు వాచ్‌మన్ హనుమండ్లు తాళాల కోసం వస్తున్నాడు. తొమ్మిదేళ్లు దుబాయిలో భవనాల పని చేసి, అక్కడి కంపెనీ ఇచ్చిన వాన సూటు వెంట తెచ్చుకున్నాడు. చేతుల మీద, నడుం చుట్టూ మెరిసే పట్టీలు. సైకిల్ తొక్కుతూ పక్కకు తిరిగి ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. పక్కన ఎవరూ లేరు.

మనిషికి ఏమైనా అయిందా అనుకున్నాను. ఎదురింటి గేటు దాటాక గానీ తెలియలేదు. పక్కన సైకిల్ మీద ఉన్నది మా ఆయన.

హనుమండ్లు తాళాలు తీసుకుని వెళ్లాక కూడా నా చేతిలో పాల ప్యాకెట్లు అలాగే ఉన్నాయి.

"ఏమైంది? మొకం గట్లున్నది?" అన్నాడు ఆయన, కోటు దులుపుతూ. "చూడు, లోపల ఒక్క బొట్టు లేదు."

శనివారం పొద్దున మధులికను తీసుకుని బైపాస్ పక్క రోడ్డుకు వెళ్లాను. ఆయన ఆ బూడిద కోటు వేసుకుని నవ్వుతూనే వచ్చాడు. "మీ అమ్మ పరీక్షల ఫెయిలైతె నాకు అన్నం వెట్టదు," అని కూతురితో పరాచికం ఆడాడు. ఆయన్ను అటు తిరిగి సైకిల్ మీద ఆగమని, మధులికను నా పక్కన నడుస్తూ ఫోనుతో వీడియో తియ్యమని, నేను అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచాను. నలభై అడుగుల దగ్గర ఆయన భుజాలు పోయాయి. యాభై దగ్గర ఏమీ లేదు. వట్టి మబ్బు.

అప్పుడే హైవే మీది నుంచి ఒక పత్తి బండి పక్క రోడ్డుకు దిగి మమ్మల్ని దాటిపోయింది. బ్రేకులు కీచుమనడం, ఆయన సైకిల్ గంట, మళ్లీ బ్రేకులు వినిపించాయి. నేను పరుగెత్తాను. ఆయన కాలువ పక్క గడ్డిలో సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏమీ కాలేదు. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "దిసలాచ్ నాహీస్ రే!" అని అరిచి వెళ్లిపోయాడు. అసలు కనబడనే లేదురా అని, మరాఠీలో. కోపంతో అన్నట్టు లేదు, భయపడి అన్నట్టుంది.

ఇంటికొచ్చాక మధులిక వీడియో చూపించింది. తన వీపు మబ్బులో కలిసిపోవడం ఆయన రెండు సార్లు చూశాడు.

"పసుపుది తెప్పిద్దాం," అన్నాడు మెల్లగా.

"వచ్చెటాలకు వారం వడ్తది. రేపు ఆగుండ్రి."

"ఐదుగురు పోతాంటె నేనొక్కన్నే ఎట్ల ఆగుత? భయపడ్డనంటరు."

అప్పుడు నాకు ఆ ఆలోచన వచ్చింది. సాయంత్రం తాళాలు ఇవ్వడానికి హనుమండ్లు వచ్చినప్పుడు బూడిద రంగు కోటు చేతిలో పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాను. ఆయన లోపలే ఉన్నాడు. "వాచ్‌మన్ ఇడిసిన బట్టలు నేనేసుకోవాల్నా?" అని ముందు గొణిగినా, తర్వాత సరేనన్నాడు.

"హనుమండ్లూ, నీ గల్ఫ్ సూటు మాకిస్తవా? బదులు గిది ఉంచుకో. కొత్తది."

అతను కోటును తాకలేదు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని, అప్పుడు అందుకున్నాడు. "గిది నాకా అమ్మా? గా పాత దానికి బదులు?"

"ఒక్క బొట్టు నీళ్లు లోపలికి రావు. నేనే చూసిన."

నేను చెప్పింది నిజం. అంతవరకే చెప్పాను.

అతను సూటు విప్పి మడత పెట్టి ఇచ్చాడు. "దుబాయిల గిది లేకుండ పైకి ఎక్కనియ్యరమ్మ. మనమీద పావురం, ప్రేమ అని కాదు," అని నవ్వాడు. "ఎవడన్న కిందవడితె ఏడ వడ్డడో జల్ది ఎరుకగావాలెనని. ఒకపారి వడ్డడు గూడ. గంత ఇసుకల గీ రంగే అవుపడ్డది."

అతను వెళ్లాక నాకు నేనే చెప్పుకున్నాను. హనుమండ్లుది పగటి డ్యూటీ. వచ్చేది ఏడింటికి, పోయేది అయిదింటికి. పత్తి బండ్లు చీకట్లో తిరుగుతాయి, అతను వెలుతురులో తిరుగుతాడు. శుక్రవారం ఏడింటికే నేను గేటు దగ్గర నిలబడి చూసిన సంగతి ఆ లెక్కలోకి రానివ్వలేదు.

ఆదివారం మా ఆయన గుడిహత్నూర్ వెళ్లి క్షేమంగా వచ్చాడు. ఉత్సాహంగా ఉన్నాడు. "లారీలు గజం దూరం జరిగి పోయినయ్. ఐదుగురు నా ఎన్కనే తొక్కిండ్రు, నేనే దీపం లెక్క!"

ఆయన స్నానానికి వెళ్లాక గిన్నెలు తోమడానికి శంకరవ్వ వచ్చింది. హనుమండ్లు భార్య. చెయ్యి ఆడిస్తూనే చెప్పుకుపోయింది. "గా కోటేసుకొని అద్దం ముంగట్నుంచి జరుగుతలేడమ్మా. పొద్దుగాల నల్లా కాడికి గూడ అదే ఏసుకపోయిండు. నేను బిందెతోని ఆయన మీదికే పోయిన, మనిషి అవుపడలే! ఎక్కడికెళ్లి వచ్చినవయ్యా అని ఇద్దరం ఒకటే నవ్వుడు."

నేను నవ్వలేదు. ఆమె అది గమనించకుండా గిన్నెలు బోర్లించి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. జొన్నరొట్టెలు, కోడి కూర. కిటికీ బయట పగలు ఒంటిగంటకే లైట్లు వెయ్యాల్సినంత మసక. గేటు కమ్మీలు కనబడుతున్నాయి, వాటి అవతల వీధి కనబడటం లేదు. గల్ఫ్ సూటు వరండాలో దండెం మీద ఆరుతోంది. ఇంటి చుట్టుపక్కల రంగు ఉన్నది దానికొక్కదానికే.

ఆయన రొట్టె తుంచుతూ అన్నాడు. "రాత్రి వాచ్‌మన్ ఊరికి పోయిండు. పదిహేను రోజులు రాడట. పరదాల కింద గంత పత్తి ఉన్నది, ఎవలో ఒకలు ఉండాలె గద. హనుమండ్లును రాత్రి డ్యూటీకి మార్చిన. ఇయ్యాల్టి నుంచే."

నా చేతిలో గరిటె ఆగింది. "పొద్దుగాల ఎన్నింటికి దిగుతడు?"

"అయిదింటికి. మావలల వాని ఇంటి దాకనే గద, అర్ధగంట తొవ్వ."

"హైవే మీదికెళ్లి?"

"ఇంకేడికెళ్లి పోతడు?" అని ఆయన నవ్వాడు. "పాపం, వానల కష్టమైతదేమోనని ముందుగాల ఎనకముందయిన. మళ్ల నువ్విచ్చిన కోటు యాదికొచ్చింది. గంత మంచి కోటు ఉన్నంక వానికేం ఫికర్? అడిగితె వద్దనలే."

మధులిక ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆపింది. పళ్లెం పక్కన బోర్లించి ఉన్న తన ఫోను వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

నేను గరిటె గిన్నెలో పెట్టాను.

"తిన్నంక దండెం మీది సూటు తీస్కొని నేను హనుమండ్లు ఇంటికి పోతున్న. వాని సూటు వానికి ఇచ్చి, ఆ కోటు వాపస్ తెస్త. మన పసుపుది వచ్చేదాంక మీరు తెల్లారినంక, మంచు ఇడిసినంక తొక్కుండ్రి. ఇడువకుంటె ఇంట్ల కూసోండ్రి. ఆ కోటు ఇగ ఎవలు ఏసుకునేది లేదు."

"ఇచ్చిన వస్తువు వాపస్ అడుగుతరా? ఇజ్జత్ పోతది, ప్రమోదినీ. ఏమని అడుగుతవ్?"

"నలభై అడుగుల అవతల మనిషి కనవడడని నాకు ముందుగాలనే ఎరుకని చెప్త. ఎరుక ఉండే ఇచ్చిన్నని చెప్త," అన్నాను.