బోణీ కాలు

షట్టర్ లేచిన చప్పుడు విని కూడా లువా కిందికి దిగలేదు. మేడమీద తడి దుప్పట్లు దులిపి తీగకు వేస్తూ, వేసినదాన్నే మళ్ళీ సవరిస్తూ నిలబడింది.

"ఏమే లువా! వినబడుతోందా?" కిందనుంచి హాన్ గొంతు ఖంగుమంది.

"మోకాలు పట్టేసిందక్కా!"

పద్దెనిమిదేళ్ళ కొలువులో ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే. నొప్పి నిజమే. దిగలేకపోవడం అబద్ధం.

ఆ లాడ్జికి గదులు తొమ్మిది, అంతస్తులు అయిదు, లిఫ్టు లేదు. యజమానురాలు హాన్. గదులు తుడిచేది, దుప్పట్లు ఉతికేది లువా. సైగాన్‌లో ఏ వ్యాపారమైనా పొద్దున మొదట గుమ్మంలో పడిన కాలును బట్టే నడుస్తుంది. లువా పనికి చేరిన రోజున, వానకు తడిసి ముద్దయి లోపలికి వచ్చిందో లేదో, వెనకాలే సంచులు మోసుకుంటూ పదకొండుమంది వచ్చి గదులన్నీ నింపేశారు. అప్పటినుంచి రోజూ హాన్ ఆమెను సందులోకి పంపి, కొత్త మనిషిని పిలిచినట్టు "రా తల్లీ, రా" అని లోపలికి పిలుస్తుంది. చుట్టుపక్కల దుకాణాలవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వుతూనే, కొత్త దుకాణం తెరిస్తే లువాను అరువడుగుతారు.

ఇవాళ ఆ బోణీ వేరెవరైనా చెయ్యాలి. సాయంత్రం అయిదింటికి ఆమె తన సొంతూరు సాదెక్ వెళ్ళే బస్సు ఎక్కాలి మరి. ఊళ్ళో అక్కకు చూపు పోయింది. కిందటి నెల వేడి గంజి కాళ్ళమీద పోసుకుంది. అక్కకు తను తప్ప దిక్కులేదు. వెళ్ళక తప్పదు. హాన్‌కు చెప్పడానికే నెలరోజులుగా నోరు రాలేదు. తన కాలు లేకపోయినా ఇల్లు నడుస్తుందని కళ్ళారా చూశాక చెబుదామనుకుంది. జేబులో టిక్కెట్టు తడుముకుంది. కొన్ననాటికంటే సాపుగా తగిలింది.

కింద కాఫీ అమ్మే ఆవిడ అందరికంటే ముందు గుమ్మం దాటి లోపలికొచ్చింది. హమ్మయ్య అనుకుని లువా పనిలో పడింది. ఆరో గదిలో మూడు నెలలుగా ఉంటున్న ముసలి దొర తన దుప్పటి తనే మడతపెడతాడు. ఆ మడత ఎంత అధ్వాన్నమో చెప్పనక్కర్లేదు. ఆయన బయటికి వెళ్ళేదాకా ఆగి, విప్పి మళ్ళీ మడిచింది. ఎదురుగా మడిస్తే నొచ్చుకుంటాడని ఆమె భయం. బ్లీచింగుకు పగిలిన ఆ వేళ్ళతో ఎన్ని వేల పక్కలు సర్దిందో, వాటిలో ఒక్కదాని మీదైనా పడుకుని ఎరగదు.

మధ్యాహ్నానికి మూడు గదులు ఖాళీ అయ్యాయి. కొత్తగా ఒక్కరూ రాలేదు. ఒక జంట గుమ్మందాకా వచ్చి, మెట్లు చూసి, వెనక్కి పోయింది. హాన్ పాత కాగితం ముట్టించి గుమ్మం చుట్టూ పొగ తిప్పసాగింది.

"ఆ కాఫీదానిది ఐరన్ లెగ్గే! పీడ విరగడవ్వాలి!"

మెట్లు దిగి వస్తున్న లువా ఆ మాట విని ఆగింది. నవ్వులాటగా సాగినా, తన కాలు మంచిదన్న మాట ఆమె కూడా నమ్ముతుంది. ఈ లోకంలో ఆమెను ఎవరైనా మెచ్చుకున్నది ఆ ఒక్క విషయంలోనే.

"ఆవిణ్ణి తిట్టకక్కా. నేనే కావాలని దిగలేదు."

"తెలుసులే. మోకాలు పట్టేసిన మనిషెవరైనా అయిదంతస్తులెక్కి దాక్కుంటుందటే?" హాన్ కాగితం తొక్కి ఆర్పింది. "సోమవారం చొక్కాతోపాటు బస్సు టిక్కెట్టు కూడా తడిపేశావు. ఇస్త్రీ చేసి నీ జేబులో పెట్టింది ఎవరనుకున్నావు?"

లువా జేబులోంచి టిక్కెట్టు తీసి చూసుకుంది.

హాన్ బల్ల కింద నుంచి అట్టపెట్టె తీసింది. అందులో కొత్త చెప్పులు, మెత్తటి అడుగువి. "మోకాలికి మంచివట. ఇవేసుకుని పో. ఆ పాతవి ఇక్కడే వదిలెయ్."

"రేపు బోణీ ఎవరు చేస్తారక్కా?"

"నీకెందుకే? ముందు మీ అక్క సంగతి చూడు."

అన్నదే గానీ, హాన్ మొహం తిప్పేసుకుంది. లువాకు ఏడుపు ఆగలేదు. తల్లి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. నాలుగున్నరకు సంచీ ఒళ్ళో పెట్టుకుని అద్దె మోటారుసైకిలు వెనక కూర్చుంది. సందు మలుపు దాకా తిరిగి చూస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున హాన్ షట్టర్ ఎత్తి, అటూ ఇటూ చూసి, సందులోకి వచ్చింది. ఎవరి చెప్పులూ గుమ్మం దాటనివ్వని మనిషి, రెండు చేతులతో ఒక జత పట్టుకుని, "రా తల్లీ, రా" అంటూ లోపలికి తెచ్చింది. మెట్ల వైపు ముఖం పెట్టి దించింది.

నీలం రబ్బరు చెప్పులు. ఒకదాని పట్టీకి తీగ చుట్టి ఉంది, ఎడమదాని మడమ బాగా అరిగిపోయింది.