కనెక్టర్ చివరి కాలు

మధ్యాహ్నపు ఎండ పల్చటి కిటికీ తెరలోంచి పడి, ముందుగదిలో బల్లంతా నీళ్లడుగున ఉన్నట్టు కదులుతోంది. దాని ముందు కూర్చుని మావారూ మా మరిదీ పొద్దుటినుంచీ వాదించుకుంటున్నారు. మేం చేసే సర్క్యూట్ బోర్డులకు ఇకమీదట ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్నది తగువు. పాతది కొత్త కంప్యూటర్‌లో తెరుచుకోనంటోంది.

"కొత్తదాంట్లో విడిభాగాల బొమ్మలన్నీ సిద్ధంగా ఉంటాయి అన్నయ్యా. నువ్వు గీసినవాటితో పనుండదు."

మావారి మొహం వాడిపోయింది. ఏ భాగం కాళ్లు బోర్డు మీద ఎక్కడ దిగాలో చూపే బొమ్మలవి. మా పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టి, ఒక్కొక్కటే గీసి లైబ్రరీగా కూర్చుకున్నారు. వాటిని వదులుకోమంటే ఇన్నేళ్ల పనిని వదులుకోమన్నట్టే.

"ముక్కూ మొహం తెలియనివాళ్లు గీసింది నమ్మమంటావా?"

"నమ్మొద్దు. వదిన చేత చూపిద్దాం. వదినకి నువ్వంటే భయం లేదు, నేనంటే గౌరవం లేదు."

భాగాలను బోర్డులకు సోల్డరింగ్‌తో అతికేది నేనే. వైర్లు తగిలించే ఒకే కనెక్టర్‌కి పాత బొమ్మా, కొత్త బొమ్మా అసలు సైజులో కాగితం మీద తీసిచ్చారు. ఆయన్నే గెలిపించమని దేవుడికి మనసులో దండం పెట్టుకుని, డబ్బాలోంచి కనెక్టర్ తీశాను. కొత్త బొమ్మ మీద దాని కాళ్లు నిద్దట్లో పిల్లాడు ఒళ్లోకి ఒరిగినట్టు, వాటికోసం గీసిన చుక్కల్లో ఒదిగాయి. మావారి బొమ్మలో చుక్కకీ చుక్కకీ మధ్య వెంట్రుకవాసి ఎడం తక్కువ. ఆ తేడా వరస పొడుగునా పెరిగి పెరిగి చివరి కాలు చుక్క దాటి బయట నిలబడింది.

అలవాటుకొద్దీ వేలితో దాన్ని లోపలికి వంచాను.

"ఎప్పుడూ అలాగే వంచుతావా?" అన్నారు మావారు మెల్లగా.

"వంచితేనే కదండీ దిగేది. దాని పుట్టుకే అంత అనుకున్నాను."

"నాతో ఒక్కసారీ అనలేదే."

"అన్నీ చెబుతామా? మొదట్లో మీరూ కొంచెం వంకరే."

మరిది నవ్వాపుకుంటూ కిటికీ వైపు తిరిగాడు. ఆయన మాత్రం నవ్వలేదు. "ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో," అన్నారు.

గెలిపించమని వేడుకున్న నాచేతే ఆయన్ని ఓడించడం దేవుడికి తగునా అనుకున్నాను. ఇన్నాళ్లూ నా వేళ్లు కప్పిపెట్టినదాన్ని చూపించాడేమో, నా మొర వినడమంటే అదేనేమో అనీ అనిపించింది. ఏదన్నది తేలలేదు.

మావారు తమ్ముడితో, "కొత్తదే పెట్టు," అన్నారు. "నావీ అందులోకి వస్తాయి. కాకపోతే ఒక్కొక్కటీ కాగితం మీద సరిచూశాకే. నీ రెడీమేడ్‌వీ అంతే."

ప్రింటర్‌లోంచి మరో బొమ్మ తేలుతూ వచ్చింది. ఈసారి ఆయనే ఆ భాగాన్ని డబ్బాలోంచి తీసి కాగితం మీద ఆనించారు. సాయం చేయబోయిన వేళ్లని ముడుచుకుని, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.