తాళం తిప్పిన చెయ్యి

మాచర్లలో పెట్రోలు ఇంజను గుట్టు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నా గొప్ప నేనే చెప్పుకుంటున్నానని మీరు నవ్వుకోవచ్చు. ఆ గొప్ప వల్ల ఒక మనిషి బతుకు ఎలా పాడయిందో కూడా నేనే చెబుతాను, అప్పుడు నవ్వండి.

ఎనభై మూడు ఎండాకాలం. ధనుంజయరావుగారి నాపరాళ్ళ లారీ నా షెడ్డుకు మూడోసారి వచ్చింది. మిలిటరీవాళ్ళు వేలం వేసిన పాత పెట్రోలు బండి. ఊళ్ళో అందరూ డీజిలుకు మారినా, పిల్లికి బిచ్చం పెట్టని ఆ మనిషి దాన్ని వదల్లేదు. దాని జబ్బు ఒక్కటే. పోతూ పోతూ ఉన్నట్టుండి ఢామ్మని పేలేది. రెండుసార్లు సైలెన్సరు కుట్టు విడిపోతే వెల్డింగు చేసి పంపాను. ఈసారి సైలెన్సరు డొక్కే చీలిపోయింది. పైన ఇంజను దగ్గర ప్యాకింగ్ మాడి పొడిపొడిగా రాలింది.

ఈసారి పేలింది దుర్గి సంత మొదట్లో. మా వైపు అంత చప్పుడు వింటే జనానికి ఇంజను గుర్తుకు రాదు. బాంబనుకుని సంతంతా పరుగెత్తింది. ఆ తొక్కిసలాటలో ఎండుమిరపకాయలు అమ్ముకునే ఒక ముసలామె పడి చెయ్యి విరిగింది. దుర్గి పెద్దలు వచ్చి ధనుంజయరావుని నిలదీశారు. ఆయన మూడు రోజుల్లో సంగతి తేలుస్తానని వాళ్ళకు మాటిచ్చి, నా మీదికి వచ్చాడు.

"ఏంది ఖాసిం, బాగుచెయ్యమంటే అతుకులేసి పంపుతున్నావు. నీ వల్ల కాకపోతే చెప్పు, నరసరావుపేట తోలిస్తా," అన్నాడు, టీకొట్టు దగ్గర పదిమంది వింటుండగా.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజే ప్లగ్గులన్నీ విప్పాను. పాయింట్ల సందు కొలిచాను. టైమింగు చూశాను, కార్బురేటరు కడిగాను, వాల్వులు సరిచూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. సైలెన్సరు డొక్కకు అతుకేసి, కొత్త ప్యాకింగ్ పెట్టి ఊళ్ళో రెండు రోజులు తిప్పాను. ఒక్కసారి పేలితే ఒట్టు.

బండి డ్రైవరు ఏసోబు నాకు పక్కనే నిలబడి పానాలు అందించాడు గానీ నోరు విప్పలేదు. వాళ్ళ పాలెంలో స్టీరింగు పట్టిన మొదటివాడు అతను. క్లీనరుగా చేరి, తుడిచి, తిట్లు తిని, పన్నెండేళ్ళుగా ఆ బండి తోలుతున్నాడు. అతను డ్రైవరయ్యాకే భార్య గ్రేసమ్మ క్వారీలో రాళ్ళు మొయ్యడం మానేసింది. ఆ ఉద్యోగం అతనికి ఎంతో నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మూడో రోజు రాళ్ళు లోడు చేయించి, నేనే పక్క సీట్లో కూర్చుని దుర్గి దారి పట్టించాను. ఊరికి ముందు పొడుగాటి దిగుడు వచ్చింది. ఏసోబు చెయ్యి దానంతటదే తాళం మీదికి పోయింది. ఆపేశాడు. బండి గేరులోనే జారుతోంది. కింద చదును రాగానే తాళం మళ్ళీ తిప్పాడు. నా కాళ్ళ కింద ఢామ్మంది.

దొరికింది. తాళం ఆపినా గేరులో ఉన్నంతసేపూ చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి, ఇంజను పెట్రోలు పీలుస్తూనే ఉంటుంది. నిప్పు లేదు కాబట్టి అది కాలదు. పచ్చి పెట్రోలంతా వేడి సైలెన్సరులో చేరి, తాళం తిప్పగానే పేలుతుంది. పోనీ పెట్రోలు మిగులుతుందా అంటే, పైసా మిగలదు. అంత తెలివితక్కువ పిసినారితనం.

"ఎవరు చెప్పారు నీకీ పని?" అన్నాను.

"ఇంకెవురు మేస్త్రీ, ఆయనే. పెట్రోలు రేటు పెరిగినకాణ్ణించి దిగుడొస్తే ఆపెయ్యమన్నాడు. ట్రిప్పుకింతని కొలిచి పోయిస్తాడు. చాలకపోతే తాగానంటాడు, అమ్ముకున్నానంటాడు."

"మరి రెండు రోజుల్నించీ నాతో అనొచ్చుగా."

"అంటే నువ్వూరుకోవు. పోయి ఆయన్నే అడుగుతావు. నేనెప్పుడు చెప్పానంటాడాయన. సైలెన్సరు పాతదయిందని చెప్పు మేస్త్రీ. ఇంక చచ్చినా తిప్పను."

సరేనన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

షెడ్డుకు తిరిగొచ్చేసరికి ధనుంజయరావూ, దుర్గి పెద్దలు ముగ్గురూ బల్ల మీద కూర్చుని ఉన్నారు. "దొరికిందా, పేటకు కబురు పంపేదా?" అన్నాడాయన. పెద్దల్లో ఒకాయన కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు నేను పడలేకపోయాను.

"బండిలో ఏ దోషమూ లేదు. దిగుడులో తాళం ఆపి, కింద మళ్ళీ తిప్పుతున్నారు. అందుకే పేలుతోంది," అన్నాను. ఆయన మొహం వాడిపోతుందని చూస్తున్నాను. వాడలేదు. వెలిగింది.

"తిప్పేదెవురు?"

నేను గుడ్డ తీసుకుని చేతుల జిడ్డు తుడుచుకోసాగాను.

"పెద్దలకు వినపడేట్టు చెప్పవయ్యా. తాళం తిప్పే చెయ్యి ఎవురిది?"

"ఏసోబుది," అన్నాను.

తిప్పించింది మీరు అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నా నోరు ఏనాడూ మంచిది కాదు. పోలీసులతో కూడా పెట్టుకున్న నోరు. కానీ ఈ లారీతో కలిపి ఆయన బండ్లు మూడూ నా షెడ్డుకే వస్తాయి. ఆ నోరు ఆ ఒక్కరోజు బుద్ధిగా మూసుకుంది.

"విన్నారుగా. పన్నెండేళ్ళు అన్నం పెడితే, వీడు ముసలమ్మ చెయ్యి విరగ్గొట్టి నన్ను బజారుకీడ్చాడు," అని ధనుంజయరావు తాళం కోసం చెయ్యి చాచాడు. ఏసోబు ఆయన వైపు చూడలేదు. నన్ను చూశాడు. బతిమాలకుండా తాళం ఇచ్చి వెళ్ళిపోయాడు. పెద్దలు తృప్తిగా టీ తాగి లేచారు.

ఆదివారం పాలెం వెళ్ళాను. గ్రేసమ్మ పీట వేసి, మంచినీళ్ళిచ్చి, లోపలికి పోయింది. ఆమె క్వారీకి పోవడం అప్పటికే మొదలుపెట్టిందట. అతన్ని ఏ ఓనరూ పెట్టుకోవడం లేదు. సంతలో మనిషిని కూలేసిన డ్రైవరని పేరు పడిపోయింది.

"నన్ను తిట్టు ఏసోబూ," అన్నాను.

"ఏమని తిట్టేది. నువ్వు అబద్ధమాడుంటే నలుగురిలో పెట్టి అడిగేవోణ్ణి. నిజమే చెప్పావు, సగం చెప్పావు. దాన్ని నేనేం జేసుకోను మేస్త్రీ," అన్నాడు. అందులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఇంకో వారానికి ధనుంజయరావు కొత్త డ్రైవరును వెంటబెట్టుకుని వచ్చాడు. కొత్త సైలెన్సరు బిగించి, ఇంజను స్టార్టు చేసి చూపించాను. నల్లేరు మీద బండిలా నడిచింది. ఆయన బల్ల మీద కూర్చుని, టీ ఊదుకుంటూ, నా ముందే ఆ డ్రైవరుతో అన్నాడు.

"దిగుడొచ్చినప్పుడు తాళం ఆపెయ్. పెట్రోలు కలిసొచ్చుద్ది."

గొంతు కూడా తగ్గించలేదు. నా వైపు చూడనైనా లేదు. ఆ అవసరం లేదని ఆయనకు అప్పటికే తెలుసు.

కొత్తవాడు మాత్రం నన్ను చూశాడు. "ఏం కాదా మేస్త్రీ?" అని అడిగాడు.

"కొత్త సైలెన్సరు గదా, కొన్నాళ్ళు తట్టుకుంటది," అన్నాను.