వెనక నుంచి లైటు

ఆ సైకిల్ లైటును ఏరింది నేనే. మా ఆయన అంబదాస్‌కు వదిలేస్తే చిన్న గాసునూనె దీపం ఒకటి పట్టుకొని ఇంటికి వచ్చేవాడు. బెల్లంపల్లి బజారులో సైకిల్ దుకాణం ముందు నిలబడి, ఆ దీపాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "గిది చాలదా నర్మదా? ఆగినా ఆరదు, నడిచినా ఆరదు," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"గది దేవుని కాడ పెట్టుకునే దీపం లెక్కున్నది. గాలొస్తె ఉంటదా? వానొస్తె ఉంటదా?" అన్నాను.

దుకాణం సేటు తెలివైనవాడు. మాట్లాడవలసింది మొగుడితో కాదు, పెళ్ళాంతో అని ఇట్టే కనిపెట్టాడు. ఒక సైకిల్‌ను స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రం పక్కన ఉన్న సీసాలాంటి చిన్న డబ్బాను టైరుకు ఆనించి, చేత్తో పెడలు గిర్రున తిప్పాడు. హ్యాండిల్‌కు ఉన్న గుండ్రటి లైటు పట్టపగలే భగ్గుమంది. డైనమో అట. నూనె అక్కరలేదు, వత్తి అక్కరలేదు, చక్రం తిరిగినంతసేపూ వెలుగుతుంది.

"చక్రం ఆగితె ఆరిపోతది గద," అని మా ఆయన గొణిగాడు.

"అయితె నువ్వు ఆగకు," అన్నాను. సేటు పకపకా నవ్వాడు. మేము డైనమో లైటే తెచ్చుకున్నాం.

మా ఊరి నుంచి బొగ్గుబాయికి పోయే దారి అడవిలోంచి పోతుంది. నిజాం రాజ్యం పోయి పదేళ్ళు దాటినా ఆ బాటకు తట్టెడు మొరం పడలేదు. రెండు సైకిళ్ళు పక్కపక్కన పట్టవు. తొలి షిఫ్టు అందుకోవాలంటే కోడి కూయకముందే బయలుదేరాలి. మా ఆయనకు తోడు పక్కింటి అంతయ్య బావ. మగ్గం మీద నేసిన చీరలకు గిరాకీ లేక మేము పస్తులుంటే, "రా తమ్మీ, చేతులున్నోనికి బాయిల పనికేం కరువు," అని మా ఆయనను తీసుకుపోయి పనిలో పెట్టించినవాడు ఆయనే. మాకు కులం కలవదు, వరస మాత్రం కలిసింది. ఆయన భార్య కొమురవ్వను నేను అక్కా అంటాను. నన్ను ఆమె చెల్లె అంటుంది. మా రెండిళ్ళ నడుమ నడుమెత్తు మట్టిగోడ, దాని మీద నుంచి చల్ల, చింతపండు, చాడీలు అన్నీ అటూ ఇటూ పోతుంటాయి.

బావకు ఏ లైటూ లేదు. ఆ బాటలో ఏళ్ళ తరబడి ఉత్త కళ్ళతోనే పోయివచ్చాడు. ఎన్నడూ పడలేదు. ఈ మాట తర్వాత నన్ను చాలా కాల్చింది.

లైటు బిగించిన వారంలోనే మక్కచేలలోకి గుడ్డెలుగు, అదే ఎలుగుబంటి, దిగింది. కట్టెలకు పోతున్న వాళ్ళలో ముందు నడుస్తున్న ఒకాయన ముఖం చీల్చేసింది. వెనక ఉన్నవాళ్ళు ఉరికి బతికారు. ఆ సంగతి విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. ఆ రాత్రి అన్నం పెడుతూ మా ఆయనతో అన్నాను.

"రేపటి సంది నువ్వు వెనక పో. అంతయ్య బావను ముంగట పోనియ్యి."

"లైటున్నోడు ముంగట పోవాలె గదా?"

"వెనకనుంచి కొడితె ఇద్దరికి కనబడుతది. ముంగటుంటె నీ ఒక్కనికే."

ఎంత తెలివిగా చెప్పాను! అది నా కడుపులో మాట కాదని ఆయనకూ తెలుసు. గుడ్డెలుగు ముందున్నవాణ్ణే పడుతుంది, ఆ ముందున్నవాడు నా మొగుడు కాకూడదు. అదీ అసలు మాట. మరి ఆ ముందు పోయేవాడు కొమురక్క మొగుడని తెలియదా అంటే, తెలుసు. తెలిసే చెప్పాను.

అంతయ్య బావ మంచోడు, ఎవరేం చెప్పినా మంచికే అనుకుంటాడు. మర్నాడే గోడ మీద నుంచి నన్ను పిలిచి, "ఏం మరదలా, నీ మొగడు వెనకనుంచి లైటు కొడుతుంటె, నేను ఊరేగింపుల పెండ్లికొడుకు లెక్క పోయిన!" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

తర్వాత ముసురు పట్టింది. వాన వెలిసిన రోజు తెల్లారకముందు ఇద్దరూ ఎప్పటిలాగే పోయారు. బాటకు అడ్డంగా పారే ఒర్రె రాత్రికి రాత్రి పొంగి, బాటను కోసి పెద్ద గుంత చేసింది. అంతయ్య బావ సైకిల్‌తో సహా ఆ గుంతలో పడ్డాడు. మోకాలి కింద ఎముక విరిగింది. తెల్లారాక అటు వచ్చిన ఎడ్లబండి మీద దవాఖానకు చేర్చారట.

సాయంత్రం మా ఆయన వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా గడపలో కూర్చున్నాడు.

"అన్న నీడ అన్న ముంగటనే పడ్డది నర్మదా," అన్నాడు. "నేను వెనకనుంచి లైటు కొడుతున్న. ఆయన ఈపు అడ్డం. ముంగట బాటంత నల్లగ మనిషి నీడ. గా నీడలనే గుంత ఉన్నది. నాకు కనబడలే, ఆయనకు కనబడలే. లైటే లేకుంటె ఆయన చీకట్ల చూసుకుంట పోతుండె. ఇన్నేండ్లు పోలేదా?"

కాళ్ళకు తెచ్చిన చెంబును ఆయన పక్కన పెట్టాను. నువ్వే గదా వెనక పొమ్మన్నావు అని ఆయన అనలేదు. అన్నా బాగుండేది, పోట్లాడేదాన్ని.

"ఎవ్వరికి చెప్పకు," అన్నాను.

"అడిగితె?"

"ఎవలడుగుతరు? లైటు ముంగటుండెనా వెనకుండెనా అని అడిగేటోళ్ళు ఎవలున్నరు ఊళ్ళె?"

నిజంగానే ఎవరూ అడగలేదు. పైగా జరిగింది వేరు. కొమురక్క మంచినీళ్ళ బాయికాడ నలుగురిలో నిలబడి మా ఆయనను ఆకాశానికెత్తింది. "మా తమ్ముడే లేకుంటె నా మొగడు ఒర్రెలనే పానం ఇడిసేటోడు! సైకిల్ స్టాండేసి, ఒక చేత్తోటి పెడలు తిప్పుకుంట, ఒక చేత్తోటి నెత్తురు తుడిచిండట. గా లైటును ఏరింది ఎవలనుకున్నరు? మా నర్మద!" అంది. అందరూ నన్ను చూశారు. నేను నిండని బిందెను ఎత్తుకొని ఇంటికి వచ్చేశాను. ఈమెకు నన్ను పొగడకపోతే పొద్దు గడవదా అని కొమురక్క మీదే కోపం వచ్చింది. తప్పు నాది, కోపం ఆమె మీద. సిగ్గులేని మనిషిని కాకపోతే ఏమిటి?

బావ కాలికి సున్నపు కట్టుతో ఇంటికి వచ్చి మంచంలో పడ్డాడు. ఆయన లేనన్నాళ్ళూ మా ఆయనను ఒంటరిగా చీకట్లో పోనివ్వక, తెల్లారాక పోయే షిఫ్టుకు మార్పించాను. నేను మేకకాళ్ళ షోర్వ వండి మోశాను. గుడ్లు మోశాను. వాళ్ళ బర్రెకు గడ్డి కోసుకొచ్చాను. కొమురక్క కూలికి పోతే వాళ్ళ వాకిలి ఊడ్చాను. "ఎందుకే చెల్లె గింత పరేషానైతవ్? సొంత చెల్లె సుత గింత చెయ్యది," అనేది ఆమె. ఆ మాట అన్నప్పుడల్లా, పో అక్కా, నన్ను నాలుగు తన్నరాదూ అనిపించేది.

ఒకరోజు షోర్వ పట్టుకొని పోయేసరికి కొమురక్క మొగుణ్ణి నిలబెట్టి కడిగేస్తోంది. కాదు, పడుకోబెట్టి. ఆయన లేవలేడు గదా.

"గంత లైటు పెట్టుకొని సుత గుంత కనబడకపాయెనా? కండ్లు నెత్తికెక్కినయా? ఆవులించుకుంట పోయినవా? వెనక తమ్ముడు ఎట్ల ఆగిండు మరి? ఆయనకున్న సోయి నీకెందుకు లేకపాయె?"

బావ గోడవైపు చూస్తూ, "నాదే పరాకు. ఔ, నాదే. ఏదో నల్లగొచ్చినట్టయింది, కండ్లు తిరిగినయనుకుంట," అన్నాడు.

అప్పుడు చెప్పాలి. ఏ తప్పూ చేయని మనిషి నా ముందే తిట్లు తింటున్నాడు, తప్పు తనదే అని ఒప్పుకుంటున్నాడు. చెప్పాలని నోరు తెరిచాను కూడా. "సల్లారుతది, తాగు బావా," అన్నాను. గిన్నె కింద పెట్టి వచ్చాను. ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూర్చొని, నీ నోరు పడిపోను అని నన్ను నేనే తిట్టుకున్నాను.

దీపావళి దాటాక బావ నడవసాగాడు, కొద్దిగా కుంటు ఉంది. బాయికి పోతేనే కూలి, మంచంలో ఉన్నన్నాళ్ళూ ఏమీ లేదు. సోమవారం నుంచి పనికి పోతానన్నాడు, ఇద్దరికీ మళ్ళీ తొలి షిఫ్టే. చలికాలం చీకటి మరీ చిక్కన. ఆ చీకట్లో కుంటుకాలితో ఆయన సైకిల్ తొక్కాలి. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. మా లైటును తీసి బావ సైకిల్‌కు బిగించి ఇచ్చేద్దామన్నాను.

మా ఆయన ముఖం వెలిగింది. "మంచిగ చెప్పినవ్. నేనే అందామనుకున్న," అన్నాడు. "మరి నేను?"

"లైటున్నోడు ముంగట పోతడు, నువ్వు ఆయన వెనక పో. పైసలొచ్చినంక నీకు గాసునూనె దీపం తెచ్చుకుందాం."

చూశారా, ఇక్కడ కూడా నా లెక్క తప్పలేదు. బావకు లైటు దక్కుతుంది, నా మొగుడు మళ్ళీ వెనకే ఉంటాడు. పుణ్యానికి పుణ్యం, భయానికి మందు. ఆ రాత్రి చాలాకాలానికి కంటి నిండా నిద్రపోయాను.

ఆదివారం పొద్దు గుంకే వేళ మా ఆయన కొమురక్క వాకిట్లో సైకిల్‌ను నిలబెట్టి డైనమో బిగించాడు. కొమురక్క కొంగుతో లైటు అద్దం తుడిచింది. వద్దు వద్దంటూనే బావ సంబరపడ్డాడు. పెడలు తానే తిప్పుతూ చూసుకున్నాడు, గోడ మీద తెల్లటి వెలుగు గుండ్రంగా పడింది.

"తమ్మీ, ఇన్నొద్దులు నువ్వు నాకు ఎలుగు చూపినవ్. ఇగ నా వంతు. రేపటి సంది నువ్వు ముంగట పో, నేను వెనకనుంచి కొడుత," అన్నాడు.

ఎలుగు అన్నప్పుడు నాకు వెలుతురు గుర్తుకు రాలేదు. మా దిక్కు వెలుతురుకూ గుడ్డెలుగుకూ అదే మాట.

"అద్దు బావా! నువ్వే ముంగట పో," అన్నాను.

"గదెట్ల? వెనకనుంచి కొడితె ఇద్దరికి కనబడుతదని తమ్ముడే చెప్పిండు గద మరదలా. కాలు బాగలేనోడు వెనకుంటెనే నయం. తమ్మీ, మాటంటె మాట. నువ్వే ముంగట."

మా ఆయన తల ఊపాడు. ఆ తల ఊపడం చూసి నాకు తెలిసిపోయింది, ఈయన నోరు తెరవడు. తనకు తగిన శాస్తి అనుకొని ముందు పోతాడు. నీడలో పడి చస్తాడు, లేకపోతే గుడ్డెలుగు పాలవుతాడు. నా కళ్ళ ముందు ఆ ఒర్రె, ఆ గుంత, అందులో నా మొగుడు.

"నీడ పడుతది!" అని అరిచాను. "వెనకనుంచి కొడితె ముంగటోని నీడ బాట మీదనే పడుతది! గుంత కనబడదు బావా, ఏం కనబడదు! అద్దంటె అద్దు!"

బావ చేతిలో పెడలు ఆగింది. లైటు ఆరిపోయింది.

"ఔ," అన్నాడు బావ మెల్లగా. "నల్లగొచ్చింది. గది నా నీడేనా?"

కొమురక్క నా వైపు తిరిగింది. "నీకెట్ల ఎరుక?"

"ఈయన చెప్పిండు."

"ఎప్పుడు?"

"గా దినమే."

"మరి లైటున్నోడు వెనకెందుకున్నడు?"

"నేనే..." అని మా ఆయన అందుకోబోయాడు. ఆయన నా కోసం అబద్ధమాడబోతున్నాడని తెలిసి ఇక ఆగలేకపోయాను.

"నేను పొమ్మన్న," అన్నాను. "గుడ్డెలుగు ముంగటోన్ని పడుతదని భయమైంది. బావను ముంగట పోనియ్యమన్న. ఎవ్వరికి చెప్పద్దని కూడ నేనే అన్న. నన్ను తిట్టు అక్కా, కొట్టు. నీ కాల్మొక్కుత."

బావ, "సరె తియ్, ఆడోళ్ళ భయం. కావాలని చేసింద్రా ఏంది," అన్నాడు. కొమురక్క ఆయన మాట విననే లేదు. జుట్టు పట్టుకొని వాకిట్లోకి ఈడుస్తుందనుకున్నాను. అంత నోరున్న మనిషి ఒక్క తిట్టూ తిట్టలేదు. లైటు తుడిచిన కొంగును భుజం మీదికి లాక్కొని, నా ముఖంలోకి చూసింది.

"నా మొగడు మంచంల పడున్నన్ని దినాలు గీ మాట నీ నోట్లెకెళ్ళి రాలే," అంది. "నీ ఎదురుంగ ఆయన తిట్లు తింటున్నా రాలే. నీ మొగడు ముంగట పోతడనంగనే వచ్చింది."